కొల్లేరు చుట్టూ టీచరుగారి రైలు

టీచరుగారి జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు ఆవిడ గురించి చాలా మంచి మాటలు చెప్పారు. తాడేపల్లిగూడెం బడిలో లెక్కలు ఎంత బాగా చెప్పేవారో, సండే స్కూల్లో ఎంతమంది పిల్లలకు పాటలు నేర్పారో, చర్చికి కొత్త బల్లలు చేయించడానికి ఎన్ని గడపలు ఎక్కి దిగారో వరసగా చెప్పుకొచ్చారు. ఒక్కటీ అబద్ధం కాదు. కానీ అసలు సంగతి రాలేదు. నా పక్కన కూర్చున్న క్యాషియరుగారు "రైలండీ... రైలు సంగతి చెప్పరేంటండీ" అని రెండుసార్లు గొణిగారు. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

కూడిక అయ్యాక నేనే వెళ్ళి అడిగాను. పాస్టరుగారు మొహమాటంగా నవ్వి, "ఇలాంటి సందర్భంలో ఆ సరదాల గురించి ఎందుకులే అని ఊరుకున్నానండీ" అన్నారు.

సరదాలట! ఆయన మంచివాడే, ఆయన మీద నాకు కోపం లేదు. ఆ మాట మీద మాత్రం ఉంది. కొల్లేరు చుట్టూ రైలు తిప్పిన మనిషిని పట్టుకుని సరదా అంటే ఎలా? అందుకని ఆయన వదిలేసింది నేను రాస్తున్నాను. ఆయన చెప్పినవి మళ్ళీ చెప్పను.

మాది భీమడోలు. నా ఉద్యోగం తాడేపల్లిగూడెం కరెంటు ఆఫీసులో. క్యాషియరుగారిది పూళ్ళ, ఆయన బ్యాంకూ గూడెంలోనే. టీచరుగారు ఏలూరు నుంచి వచ్చేవారు. ముగ్గురం సీజన్ టికెట్టు మీద రోజూ ఒకే ప్యాసింజరులో వెళ్ళి ఒకే ప్యాసింజరులో తిరిగొచ్చేవాళ్ళం. ఆవిడ మాకంటే ముందు ఎక్కుతారు కనుక మాకు సీట్లు ఆపే పని ఆవిడది. బండెక్కగానే సంచిలోంచి రెండు కర్చీఫులు తీసి, ఎదుటి సీటు మీద ఒకటి, పక్క సీటు మీద ఒకటి పరిచేవారు. నీలం గళ్ళది నాది. అంచున్న తెల్లది క్యాషియరుగారిది. రెండూ ఆవిడే కొన్నారు, ఆవిడే ఉతికేవారు, ఇస్త్రీ కూడా ఆవిడే చేసేవారు. "మీకు నీలం గళ్ళ కర్చీఫ్ ఉందని ఊరంతా అంటోంది, నేనే చూడలేదు" అని మా ఆవిడ ఎత్తిపొడిచేది.

ప్యాసింజరు బండికి రైల్వేవారి చట్టం ఒకటుంటుంది, సీజను వాళ్ళ చట్టం ఒకటుంటుంది. సీటు మీద కర్చీఫ్ ఉందంటే అక్కడ మనిషి కూర్చున్నట్టే. ఆ మనిషి ఎక్కాల్సిన స్టేషను దాటి బండి కదిలేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. కలెక్టరుగారు వచ్చినా నిలబడాల్సిందే. దాటాక మాత్రం ఆ సీటు ఎవరిదైనా కావచ్చు, అప్పుడు మనం నోరెత్తకూడదు. నెత్తిన గంపతో ఎక్కిన ముసలమ్మ కూడా సీటు మీద కర్చీఫ్ చూస్తే "ఎవరో ఉన్నారులే" అని జరిగిపోయేది. టీచరుగారు దీన్ని పది ఆజ్ఞల తరవాత పదకొండోదిగా పాటించేవారు. ఒకసారి నేను జ్వరమొచ్చి రాకపోతే, బండి భీమడోలు దాటిన వెంటనే కర్చీఫ్ తీసి మడిచి, ఎవరో తెలియనాయన్ని పిలిచి కూర్చోబెట్టారట.

ఒకరి వెనక ఒకరం రిటైరయ్యాం. నాకు పొద్దున్నే కాలు నిలిచేది కాదు. ఒకరోజు ఆవిడ ఫోన్ చేశారు.

"ఏవండీ తమ్ముడుగారూ, బండి టైముకి ఏం చేస్తున్నారండీ?"

"ఏముందండీ, గుమ్మంలో కూర్చుని కూత వింటున్నానండీ."

"నేనూ అదేనండీ. ఇలా వింటూ కూర్చుంటే మతి పోయేట్టుంది. మనమే ఒక రైలు చేసేద్దామండీ."

సాయంత్రం పకోడీలు వేసుకుందాం అన్నంత తేలిగ్గా అన్నారు. మర్నాడు మా ఇంటికి వచ్చి రైల్వే మ్యాపు నేల మీద పరిచారు. ఏలూరు మీద వేలు పెట్టి గూడెం, నిడదవోలు దాకా లాగి, అక్కణ్ణుంచి కిందికి తిప్పి తణుకు, భీమవరం, ఆకివీడు, కైకలూరు మీదుగా గుడివాడ పోనిచ్చి, బెజవాడ తాకించి మళ్ళీ ఏలూరుకి తెచ్చారు. మధ్యలో ఎక్కడా వేలెత్తలేదు.

"చూశారా, మన కొల్లేటి చుట్టూ దేవుడు ఎప్పుడో గీత గీసిపెట్టాడండీ. బల్లల మీదకి ఎక్కించడమే తరవాయి" అన్నారు.

అన్నేళ్ళు ఆ లైను మీద తిరిగిన నాకు అదొక చుట్టు అని అప్పటిదాకా తట్టలేదు. నాకు రైలంటే భీమడోలు నుంచి గూడెం, గూడెం నుంచి భీమడోలు. అంతే.

బొమ్మరైలు ఇంజన్లు, పట్టాలు హైదరాబాదు నుంచి తెప్పించాం. మిగతాదంతా ఇక్కడి సరుకే. రైలుపెట్టెలు చేసింది శుభలేఖల అట్టలతో. "ఈ మూడో పెట్టె మా మేనకోడలి పెళ్ళండీ, ఆ వెనకది డాక్టరుగారబ్బాయి రిసెప్షనండీ" అని చూడవచ్చినవాళ్ళకి చెప్పేవారు. రైలు కట్టలకీ చెరువు గట్లకీ ఆకివీడులో చేపలు పంపే థర్మాకోలు పెట్టెలు కోసి వాడాం. ఎంత కడిగినా నీచు పోలేదు. ఎక్కడ ప్రదర్శన పెట్టినా మా బల్లల చుట్టూ పిల్లులు చేరేవి. "కొల్లేరన్నాక వాసన రాదాండీ" అని ఆవిడ దాన్ని కూడా గొప్పగానే చెప్పుకున్నారు. కొబ్బరి ఈనెలు చెట్లయ్యాయి, స్పాంజి ముక్కలు గుర్రపుడెక్క అయ్యాయి. గూడబాతులు మాత్రం సుద్దముక్కలతోనే చేయాలన్నారు. బ్లేడుతో నాలుగు గీతలు గీస్తే ఆవిడ చేతిలో సుద్దముక్కకి మెడ వచ్చేది, ముక్కు వచ్చేది. మేం చెక్కినవి బాతుల్లా కూడా ఉండేవి కావు.

రంగులు క్యాషియరుగారి పని. ఆయన కొల్లేటికి మొదట మంచి నీలం రంగు వేశారు. టీచరుగారు చాలాసేపు చూశారు.

"చాలా బావుందండీ. ఏ ఊరిదండీ ఈ సముద్రం?"

ఆయన ఆ పూటే తుడిచేసి, బురద కలిసిన ఆకుపచ్చ వేశారు. వైరింగు నాది. ఇందులో ఉన్న కష్టం ఏమిటంటే, ప్రదర్శన మధ్యలో ఊళ్ళో కరెంటు పోతే అందరూ నా వైపే చూసేవారు. రిటైరయ్యానన్న మాట ఎవరూ చెవిన పెట్టలేదు.

మొదటి ప్రదర్శన గూడెంలో, ఆవిడ పనిచేసిన బళ్ళోనే పెట్టాం. ఇలాంటి రైలుబల్లల్ని ఇంగ్లీషులో లేఅవుట్ అంటారని క్యాషియరుగారు ఎక్కడో చూశారు. చూసి ఊరుకోకుండా సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ కట్టించారు: "భారీ లేఅవుట్ ప్రదర్శన! ఏలూరు నుంచి భీమవరం వరకు! అందరూ రండి!" గూడెంలో లేఅవుట్ అంటే ఇళ్ళ స్థలాలు తప్ప ఇంకోటి ఎవరికి తెలుసు? పొద్దున గేటు తీసేసరికి భార్యాభర్తలు మోటారు సైకిళ్ళ మీద దిగిపోయారు. ఒకాయన నేరుగా టీచరుగారి దగ్గరికి వచ్చాడు.

"తూర్పు ఫేసింగువి ఉన్నాయాండీ?"

"గూడెం వెళ్ళే బండి తూర్పుకేనండీ వెళ్తారు."

"అది కాదండీ. రిజిస్ట్రేషను ఎప్పుడండీ?"

"రిజర్వేషను లేదండీ, ప్యాసింజరే."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేను నవ్వాపుకోలేక బల్ల కిందికి దూరాను. సంగతి తెలిశాక ఆయనకి కోపం రావాల్సిందే. కానీ అప్పటికే బండి కైకరం దాటి చేబ్రోలులోకి వస్తోంది. ఆయనది చేబ్రోలు. "మా కాలవ వంతెనండీ ఇది!" అని భార్యని పిలిచాడు. స్థలాలు కొనడానికి వచ్చినవాళ్ళలో చాలామంది సాయంత్రం దాకా కదల్లేదు. ఆ రోజు నుంచి టీచరుగారు ఆ ఇంగ్లీషు మాటని నిషేధించారు. రైలుబల్లలు అనే అనాలి.

ఆవిడ మర్యాద సంగతి కూడా చెప్పాలి. మా వైపు మనుషులకి అండీలు ఎక్కువే, కానీ ఆవిడ రైళ్ళకి కూడా తగిలించేవారు. ప్యాసింజరు "వస్తున్నారు", గూడ్సు "ఆగి ఉన్నారు". బండి పట్టా తప్పితే పడిపోయిందన్న మాట ఆవిడ నోట రాదు. "తమ్ముడుగారూ, దిగారండీ" అనేవారు, అది కూడా ఎవరినో కుశలమడిగినంత నెమ్మదిగా. నేను వెళ్ళి ఎక్కించేవాణ్ణి. చూసేవాళ్ళకి ఏమీ తెలిసేది కాదు. ఆకివీడులో ఒక చేపల వ్యాపారి మాత్రం పట్టేశాడు.

"అదేంటండీ, బండి పడిపోయింది కదండీ?"

"పడిపోలేదండీ. దిగారు."

"మధ్యలో ఎందుకు దిగారండీ?"

"మీ ఊరు వచ్చేసిందనుకున్నారేమోనండీ. కొత్తవారు కదా."

ఆయన పగలబడి నవ్వాడు. నవ్వి, బల్లలు ఎలా మోసుకెళ్తున్నారని అడిగి, తన చేపల వ్యాను ఇచ్చాడు. అప్పట్నుంచి మా రైలు ఊరూరా తిరిగింది ఆ వ్యానులోనే.

గర్వం లేని మనిషి అని కూడికలో ఒకరన్నారు. శుద్ధ తప్పు. ఆవిడకి బోలెడు గర్వం. ప్రదర్శన రోజున పట్టుచీర కట్టుకుని, చేతిలో మ్యాపు చూపించే పొడుగు కర్ర పట్టుకుని, కొల్లేరు తనే తవ్వించినట్టు నిలబడేవారు. ఒకసారి పెద్ద నగరం నుంచి ఇలాంటి రైళ్ళు చేసేవాళ్ళు నలుగురు వచ్చి చూశారు. పనితనం మెచ్చుకున్నారు. తమ ప్రదర్శనకి రమ్మన్నారు. "అయితే మేడం, ఇదంతా మరీ చదునుగా ఉంది. ఒక కొండ, ఒక టన్నెలు పెడితే చూడ్డానికి బావుంటుంది" అన్నారు.

"మాకు కొండెక్కడుందండీ?" అన్నారు టీచరుగారు.

"అందం కోసం మేడం."

"అందం కోసం మా ఊళ్ళో లేని కొండ పెడితే, రేపు భీమడోలువారు వచ్చి మా పొలంలో కొండేంటని అడుగుతారండీ. నేనేం చెప్పను?"

వాళ్ళు వెళ్ళిపోయారు. మళ్ళీ పిలవలేదు. క్యాషియరుగారికి నగరానికి వెళ్ళాలని చాలా ఉండేది, రెండు రోజులు ముభావంగా ఉన్నారు. నాకు మాత్రం ఆవిడని చూస్తే ఛాతీ పొంగింది. పల్లంలో పుట్టినవాళ్ళం, పల్లాన్ని చూసి సిగ్గుపడే పని లేదని అంత మర్యాదగా చెప్పినవాళ్ళు నాకు ఇంకెవరూ తగల్లేదు.

ఎక్కడికెళ్ళినా మాకు వెలితి ఒకటే. బల్లలన్నీ వేసి చుట్టు కలిపేంత చోటు ఏ బడి హాల్లోనూ, ఏ చర్చి ఆవరణలోనూ దొరకలేదు. సగమే వేసేవాళ్ళం. గూడెంలో వేస్తే ఏలూరు వైపు సగం, ఆకివీడులో వేస్తే అటువైపు సగం. మిగతా సగం పూళ్ళలో, క్యాషియరుగారి ధాన్యం గదిలో. బండి సగం చుట్టు వెళ్ళి, ఆగి, మళ్ళీ వెనక్కి నడుచుకుంటూ వచ్చేది. "మా భీమవరం అవతల ఏముందండీ?" అని ఎవరైనా అడిగితే "ధాన్యం బస్తాలున్నాయండీ" అని నిజమే చెప్పి నవ్వేవారు.

నవ్వేవారు గానీ, ఆవిడకి అదెంత బాధో మాకు తెలుసు. ఇన్నేళ్ళ కష్టంలో తన రైలు కొల్లేరు చుట్టూ ఒక్కసారి తిరిగిరావడం ఆవిడ చూడలేదు. ఒకసారి వ్యానులో వస్తూ, "వెనక్కి నడిచే బండీ ఒక బండేనాండీ" అన్నారు.

అందుకే ఏలూరు పెద్ద ఎగ్జిబిషను వాళ్ళు పిలిచినప్పుడు ఆవిడ ముందడిగింది హాలు కొలతలు. సరిపోతుంది. అన్ని బల్లలూ పడతాయి, చుట్టు కలుస్తుంది. అప్పటికి ఆవిడ మోకాళ్ళు బాగా పాడయ్యాయి, కర్ర ఊళ్ళు చూపించడానికి కాదు, నడవడానికి కావాల్సి వస్తోంది. "ఇదే ఆఖరుదండీ. ఇంక నావల్ల కాదు. చుట్టు కలపడం ఒక్కటీ చూసేసి కూర్చుంటాను" అన్నారు.

తెరిచే ముందురోజు పొద్దున ఆవిడా నేనూ వెళ్ళి హాలు మధ్యలో మాకిస్తామన్న చోటు కొలుచుకున్నాం. వచ్చేముందు ఆవిడ సంచిలోంచి పాత కర్చీఫులు తీశారు. నీలం గళ్ళది, తెల్లది, తనవి ఇంకో రెండు. నాలుగు మూలలా పరిచి, గాలికి పోకుండా మీద ఇటికముక్కలు పెట్టించారు. నేను నవ్వితే, "మనం బల్లలు తెచ్చేలోపు ఎవరైనా కూర్చుంటారేమోనండీ" అన్నారు.

కూర్చున్నారు. మేం వ్యానుతో తిరిగొచ్చేసరికి మా చోట్లో సగం మేర ఒక చేపల మేత కంపెనీ వాళ్ళు స్టాలు వేసేశారు. పెద్ద గుమ్మం, కుర్చీలు, గాలి ఊదిన చేప. మా కర్చీఫులు నాలుగూ కిటికీలో ముద్దగా పడున్నాయి. ఎగ్జిబిషను నిర్వాహకుడు పరిగెత్తుకొచ్చాడు. చెడ్డవాడు కాదు, ఊరికి కొత్త, తలమునకలుగా పనులున్నాయి.

"మేడం, ఏమనుకోకండి, కొంచెం సర్దుబాటు చేయాల్సొచ్చింది. మీకు సగం చాలు కదా? మీరెప్పుడూ సగమే పెడతారని చెప్పారు."

నాకు ఒళ్ళు మండింది. ఎప్పుడూ సగమే! ఏదో అనబోయాను. టీచరుగారు నా చెయ్యి మీద తట్టి, కిటికీ దగ్గరికి వెళ్ళి, కర్చీఫులు ఒక్కొక్కటీ దులిపి మడిచారు. మేత కంపెనీ మేనేజరు అక్కడే నిలబడి ఉన్నాడు. నెరిసిన మీసాలు, మా ఈడువాడే.

"ఏవండీ, ఈ కర్చీఫులు ఎవరు తీశారండీ?"

"మా కుర్రాళ్ళండీ. ఊడుస్తూ తీసుంటారండీ."

"మీద ఇటికలున్నాయి కదండీ."

ఆయన తన కుర్రాళ్ళ వైపు తిరిగి చూశాడు.

"మీరు ప్యాసింజరు బండి ఎక్కేవారాండీ?"

"ఎక్కానండీ. చదువుకునే రోజుల్లో రోజూ అదేనండీ."

"అయితే మీకు నేను చెప్పేదేముందండీ" అన్నారు టీచరుగారు.

నిర్వాహకుడికి ఇదంతా వింతగా ఉంది. "కర్చీఫ్ వేస్తే స్థలం మీదైపోతుందా మేడం?" అని నవ్వాడు.

నవ్వింది ఆయనొక్కడే. పక్కన పచ్చళ్ళ స్టాలు సర్దుకుంటున్న ఆవిడ చేతిలో జాడీ పట్టుకునే నిలబడిపోయింది. "అవుతుందండీ. ఎందుకవ్వదు? ఇటిక కూడా పెట్టారంటున్నారు కదండీ!" అంది. మొక్కలు అమ్మే అతను "కర్చీఫ్ తీసేయడం ఏంటండీ, తప్పు కదండీ" అని ఎవరికీ కాకుండా అన్నాడు. రిజిస్టర్లో రాసుకున్న మాట, ఫోన్లో ఇచ్చిన మాట ఎవరికీ పట్టలేదు. కర్చీఫ్ తీశారన్నదే హాలంతా పాకింది.

మేనేజరు మీసం దువ్వుకుంటూ కాసేపు ఆ నాలుగు మడతల వైపు చూశాడు. తరవాత "తీసేయండ్రా" అన్నాడు తన మనుషులతో. ఇష్టంగా ఏమీ అనలేదు. స్టాలు గోడవారకి జరిపించి, కుర్చీ వేసుకుని, మా వైపు చూడకుండా కూర్చున్నాడు. నాకు పాపం అనిపించింది. ఆ మాటే అన్నాను.

"సీటిచ్చినాయనకి కృతజ్ఞత చెప్పాలండీ, నిజమే. ముందు మనం కూర్చోవాలి కదా" అన్నారు టీచరుగారు.

కూర్చోవడం అంత తేలిగ్గా కాలేదు. బల్లలన్నీ వేశాం. మొట్టమొదటిసారి బెజవాడ బల్లా ఏలూరు వైపు బల్లా ఎదురెదురుగా నిలబడ్డాయి. ఇన్నేళ్ళూ ఒకటి బయటుంటే ఒకటి ధాన్యం గదిలో ఉండేది, ఆ రెండిటికీ పరిచయం లేదు. బెజవాడ బల్ల కొంచెం కుంగింది. మర్నాడు పొద్దున బండిని ఆ అతుకు మీదకి పంపితే ఇంజను దిగింది.

"దిగారండీ" అన్నారు టీచరుగారు.

మళ్ళీ పంపాం. మళ్ళీ దిగారు. క్యాషియరుగారు బల్లకాలు కింద శుభలేఖ అట్టలు పెట్టారు, నేను పట్టా అంచు అరగదీశాను. ఇంకోసారి పంపి చూద్దామనేలోపు తలుపులు తీసేశారు, జనం లోపలికి వచ్చేశారు. చుట్టూ నిలబడిపోయారు. ఇక ఏదైనా వాళ్ళ ముందే.

నేను స్విచ్చుల దగ్గర నిలబడ్డాను. నిర్వాహకుడు మైకు తెచ్చి "రెండు మాటలు మాట్లాడండి మేడం" అన్నాడు. ఆవిడ మైకు తీసుకుని, ప్రసంగమేదీ మొదలుపెట్టకుండా, "ఏలూరువారు ఉన్నారాండీ?" అన్నారు.

జనం ముఖాలు చూసుకున్నారు. ఎవరో "ఉన్నామండీ" అన్నారు. సగం హాలు ఏలూరే కదా, ఆ వెంటనే అంతా అందుకున్నారు.

"అయితే బండి బయల్దేరుతున్నారండీ."

నేను కదిలించాను. దెందులూరులో ఆపాను, ఎందుకంటే ఆవిడ "దెందులూరువారు?" అన్నారు. అక్కడా జవాబు వచ్చింది. భీమడోలుకి నేనే స్విచ్చుల దగ్గర్నుంచి అరిచాను. పూళ్ళకి క్యాషియరుగారు చెయ్యి కూడా ఎత్తారు. కైకరం, చేబ్రోలు, బాదంపూడి. గూడెం పేరుకి ఆవిడ పాత విద్యార్థులు ఈల వేశారు, ఆవిడ కళ్ళెర్రజేశారు. నిడదవోలు, తణుకు, అత్తిలి, భీమవరం. ప్రతి పేరుకీ ఎక్కడో ఒకచోట ఒక గొంతు లేస్తోంది. "ఉండివారు ఉన్నారాండీ?" అంటే "ఉండే ఉన్నామండీ!" అని ఒకావిడ అరిచింది, హాలంతా నవ్వింది. ఆకివీడుకి వ్యాను ఇచ్చిన వ్యాపారి మనుషులు, కైకలూరుకి ఒక కుటుంబం మొత్తం.

"మండవల్లివారు?"

జవాబు లేదు. నేను బండి ఆపి ఉంచాను.

"మండవల్లివారు ఎవరూ రాలేదాండీ?"

"లేరేమోనండీ, పోనిచ్చేయండి" అన్నారెవరో.

"అలా ఎలా పోనిస్తామండీ? వస్తారేమో చూద్దాం."

చూశాం. జనంలో సణుగుడు మొదలైంది. అప్పుడు గోడవార కుర్చీ చప్పుడైంది.

"నేనున్నానండీ" అన్నాడు మేత కంపెనీ మేనేజరు. లేచి నిలబడ్డాడు. "మాది మండవల్లేనండీ."

"చెప్పరేంటండీ మరి! అక్కడ కూర్చుంటే మీ ఊరు ఎలా కనిపిస్తుంది? ముందుకి రండి."

జనం దారిచ్చారు. ఆయన వచ్చి తన స్టేషను మీదకి వంగి, చెరువు గట్లు చూసి, సుద్దముక్కల గూడబాతులు చూసి, "మా ఊళ్ళో ఇలాగే వాలతాయండీ" అన్నాడు. నిన్న మేం ఆయన్ని గోడవారకి నెట్టిన సంగతి ఆ ముఖంలో ఎక్కడా లేదు. టీచరుగారు ఆయనకి చేతులు జోడించారు. బండి కదిలింది.

గుడివాడ పలికింది. బెజవాడ పలికింది. ఇక ముందున్నది అతుకు. ఆ సంగతి హాల్లో మా ముగ్గురికే తెలుసు. టీచరుగారు మైకు కిందికి దించేశారు. నేను వీలైనంత నెమ్మదిగా పోనిచ్చాను. క్యాషియరుగారి వేళ్ళు నా భుజంలో దిగబడుతున్నాయి. ఇంజను ముందు చక్రాలు టక్కుమన్నాయి. వెనకవీ టక్కుమన్నాయి. ఒక పెట్టె, ఇంకో పెట్టె, మేనకోడలి పెళ్ళి, డాక్టరుగారబ్బాయి రిసెప్షను, అన్నీ దాటాయి. ఎవరూ దిగలేదు. నాకు కళ్ళు మసకేశాయి. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, అంత గర్వం నా ఉద్యోగం మొత్తంలో ఎన్నడూ కలగలేదు.

ఆవిడ మైకు మళ్ళీ పైకెత్తారు.

"పవరుపేటవారు ఉన్నారాండీ?"

ఏలూరు పెద్ద స్టేషనుకి ఇవతల ఉండే చిన్న స్టేషను అది. ఊళ్ళో చాలామంది పెద్ద స్టేషనుకే పోతారు. టీచరుగారు ఉద్యోగం చేసినంత కాలం రోజూ బండెక్కింది, దిగింది అక్కడే. జవాబు రాలేదు. నేను బండి ఆపాను. జనం ఎవరు పలుకుతారా అని అటూ ఇటూ చూస్తున్నారు.

టీచరుగారు మైకుని కొల్లేటి గట్టు పక్కన పెట్టేశారు. కర్ర బల్లకి ఆనించి, చీర చెంగు సర్దుకుని, తన స్టేషను ముందు నిటారుగా నిలబడ్డారు.

"ఉన్నానండీ" అన్నారు.

మైకు లేకపోయినా హాలంతా వినిపించింది. నేను బండిని ఏలూరుకి పోనిచ్చాను.